‘ఇంట్లనే ఉంటుండె సార్’ అని చెప్పకండి

శవ పంచనామా రాసే కానిస్టేబుల్ అడిగే ప్రశ్నల్లో మూడోదో నాలుగోదో అది. పేరు, వయసు, భర్త పేరు అయ్యాక “ఏం పని చేస్తుండె?” అంటాడు. మార్చురీ బయట చెట్టు కింద నిలబడ్డ మగవాళ్లలో ఎవరో ఒకరు తల ఎత్తకుండా “ఏం పని లేదు సార్, ఇంట్లనే ఉంటుండె” అంటారు. అతను అదే రాసుకుంటాడు. అంత దుఃఖంలో ఆ ఒక్క మాట ఎవరికి పట్టింది? ఆ మాట ఖరీదు ఎంతో నాకు మూడేళ్ల తర్వాత గానీ తెలియలేదు. లెక్క తర్వాత చెబుతాను, ముందు మనిషి గురించి చెప్పనివ్వండి.

మా చిన్నమ్మ కూతుర్ని ఎల్లారెడ్డి పక్క పల్లెలో ఇచ్చాం. నాకంటే చిన్నది, నా చేతుల్లో పెరిగింది. పోయేనాటికి 38 ఏళ్లు. ఆస్పత్రి పని మీద భర్త బండి వెనక కూర్చుని కామారెడ్డికి వస్తుంటే వడ్ల లోడు లారీ తగిలింది. అతనికి చెయ్యి విరిగింది. ఆమె అక్కడే పోయింది. పంచనామాలో ఆ మాట చెప్పింది ఆమె బావగారు. చెడ్డవాడేం కాదు. ఆ రోజు కట్టెల దగ్గర్నుంచి పిల్లల అన్నం దాకా అన్నీ చూసుకున్నది ఆయనే. అబద్ధం చెప్పాలనీ అనుకోలేదు. ఆయన కళ్లకు అది నిజమే. నా కోపమంతా అక్కడే.

ఇంట్లోనే ఉండే ఆ మనిషి ఏం చేసేదంటే, తెల్లారి నాలుగింటికి లేచి రెండు బర్రెల పాలు పిండి పాలకేంద్రానికి పంపేది. పాల పుస్తకం భర్త పేరు మీద. పిల్లలు బడికి పోయాక చాట ముందేసుకుని రోజుకు ఏడెనిమిది వందల బీడీలు చుట్టేది. బీడీ కార్డు అత్త పేరు మీద. నాట్లకు, కలుపులకు సొంత ఎకరంన్నరలో చాకిరీ, అది ముగిశాక పక్కవాళ్ల పొలంలో కూలి. పట్టా మామ పేరు మీద. ఆ మామకు పక్షవాతం వస్తే రెండేళ్లు ఎత్తి కూర్చోబెట్టి కడిగింది, దానికి ఏ పుస్తకమూ లేదు. 2018 ఆగస్టు నుంచి మన రాష్ట్రంలో రైతుబీమా ఉంది, రైతు పోతే ఇంటివాళ్లకు 5 లక్షలు. కానీ భూమి పాసుపుస్తకం పోయిన మనిషి పేరున ఉండాలి. ఆమెకు లేదు, కాబట్టి అదీ రాలేదు. బతికున్నన్నాళ్లూ ఆమె కష్టం ఇంకొకరి పేరు మీద జమ అయింది. పోయాక పని లేదని రాసేశారు.

పదకొండు రోజులు అయ్యాక నేను “కేసు వేద్దాం” అన్నాను. ఇల్లంతా ఒక్కసారి నా వైపు చూసింది. “మనిషే పోయింది, పైసలేం జేసుకుంటం అక్కా” అన్నాడు మరిది. ఒక పెద్దాయనైతే “పీనుగు మీద పేలాలు ఏరుకునుడు మన ఇంటావంటా లేదు బిడ్డా” అన్నాడు.

ఈ సామెతతోనే నా పోట్లాట. పీనుగు మీద చల్లిన పేలాలు ఏరుకునేవాడంటే ఆ చావుతో ఏ సంబంధమూ లేకుండా దానిమీద బతికేవాడు. తల్లి పోయిన పిల్లలు తమకు రావాల్సింది అడిగితే అది పేలాలు ఏరుకోవడం ఎట్లా అవుతుంది? లారీ యజమాని ఏటా థర్డ్ పార్టీ బీమా కట్టేది దేనికి? కట్టకపోతే బండి రోడ్డెక్కకూడదని చట్టం అనేది దేనికి? ఎవరినైనా గుద్దితే వాళ్ల వాళ్లకు ఇవ్వడానికే. ఆ డబ్బు ముందే వసూలై ఉంది. మనం అడగకపోతే అది పోయినామె పేరున పుణ్యంగా ఏమీ మారదు, కంపెనీ లెక్కల్లో మిగులుగా ఉండిపోతుంది. అప్పుడు పేలాలు ఏరుకున్నది ఎవరు?

ఇంకో రకం వాళ్లున్నారు, రాజీ పెద్దమనుషులు. “లారీ వాళ్లు లక్షన్నర ఇస్తమంటున్నరు, తీసుకొని సంతకం పెట్టు, కోర్టుల చుట్టూ ఎవడు తిరుగుతడు” అని మరిదిని మూడు రాత్రులు కూర్చోబెట్టారు. బీమా ఉన్న లారీ యజమాని జేబులోంచి ఎందుకు ఇస్తానంటున్నాడో వాళ్లలో ఒక్కరూ అడగలేదు. డ్రైవరు మీది క్రిమినల్ కేసు మెత్తబడాలనో, లైసెన్సో పర్మిటో సరిగా లేదనో, ఏదో ఒకటి ఉంటేనే అంత దయ పుడుతుంది. లైసెన్సు సరిగా లేకపోయినా ముందు బాధితులకు కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మని బీమా కంపెనీలను కోర్టులు ఆదేశించవచ్చు, 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఈ సంగతి రాత్రి పంచాయితీల్లో ఎవరూ చెప్పరు.

మన జిల్లా వాళ్లకు 2022 మే 8 గుర్తుండే ఉంటుంది. నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు దగ్గర లారీ, ట్రాలీ ఆటో గుద్దుకుని తొమ్మిది మంది పోయారు. పిట్లం మండలం చిల్లర్గి వాళ్లు. ఎల్లారెడ్డిలో బంధువుల ఇంట చావు జరిగితే అంగడి దింపుడుకు వచ్చి తిరిగి వెళ్తున్నారు. మన వైపు వాళ్లు కానివారి కోసం చెబుతున్నాను, చావు ఇంటివాళ్లను బంధువులు వెంటబెట్టుకుని అంగడికి తీసుకుపోయి మళ్లీ నలుగురిలో కలిపే తంతు అది. ఒక చావు మైల కడుక్కోవడానికి వచ్చినవాళ్లు తొమ్మిది చావులతో ఇల్లు చేరారు. నాలుగు రోజులు టీవీల్లో అదే. ప్రధానమంత్రి సహాయనిధి నుంచి మృతుల కుటుంబాలకు 2 లక్షల చొప్పున ప్రకటించారు.

ఆ ప్రమాదంలో తప్పెవరిదో చెప్పడానికి నేనెవరిని, అది కోర్టుల పని. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాత మా వీధిలో విన్న మాట గురించి. “రెండు లక్షలు ఇచ్చింది గదా సర్కారు, ఇంకేం గావాలె?” సర్కారు ఇచ్చేది సాయం. గుద్దినవాడు, వాడి బీమా కంపెనీ ఇవ్వాల్సింది పరిహారం. ఒకటి దయ, ఇంకొకటి బాకీ. సాయం తీసుకున్నంత మాత్రాన బాకీ తీరదు, కేసు హక్కు పోదు. ఈ రెండింటినీ కలిపేసి ‘వచ్చినయి’ అని చేతులు దులుపుకోవడం మన జిల్లాలో మామూలైపోయింది.

ట్రాలీ ఆటో అన్నాను కాబట్టి ఇదొకటి కూడా. పెళ్లికైనా చావుకైనా మనం ఎక్కేది సరుకుల బండే, చవకగా వస్తుందని. సరుకుల బండిలో ఎక్కిన మనుషులకు ఆ బండి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అవతలి వాహనం తప్పు ఉంటే దాని కంపెనీని అడగవచ్చు. తప్పంతా మనం ఎక్కిన బండిదే అయితే మిగిలేది ఆ బండి యజమాని. అతను మనలాంటివాడే, ఇచ్చేందుకు అతని దగ్గర ఏముంటుంది? నాట్లకు కూలోళ్లను ట్రాలీలో తోలుకుపోయే మేస్త్రీలకు, ఎక్కే ఆడవాళ్లకు ఇది తెలియాలి.

గడువు సంగతి. మోటారు వాహనాల చట్టంలో 2019లో తెచ్చిన మార్పు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పరిహారం దరఖాస్తు పడాలి. దీని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. మన దగ్గర మైలకు, మాసికాలకు, ‘ఈ ఏడాది ఇంట్లో ఏ పనీ మొదలుపెట్టొద్దు’ అనే పట్టింపుకు ఆరు నెలలు ఇట్టే పోతాయి. మేం అయిదో నెల చివర్లో వేశాం. అప్పటికీ మా పెద్దత్త “సంవత్సరీకం గాకముందే కోర్టు మెట్లా?” అని నాతో మాట మానేసింది.

ఇప్పుడు ఆ లెక్క. ఈ కేసుల్లో అంకెలు గాల్లోంచి రావు. 2009లో సరళా వర్మ కేసు, 2017లో ప్రణయ్ సేఠీ కేసు ఒక పద్ధతి ఖాయం చేశాయి. పోయిన మనిషి నెల ఆదాయం తీసుకుంటారు. సొంత పని చేసుకునేవారికి 40 ఏళ్ల లోపైతే ముందు ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. ఆధారపడ్డవాళ్లు నలుగురైదుగురుంటే సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తారు. పన్నెండుతో హెచ్చవేసి, వయసును బట్టి మళ్లీ హెచ్చవేస్తారు. 36 నుంచి 40 ఏళ్ల వాళ్లకు ఆ అంకె 15.

మేం దరఖాస్తులో ఆమె ఆదాయం నెలకు 10,000 అని రాయించాం. ఆ లెక్కన 18,90,000 రావాలి. విచారణలో కంపెనీ వకీలు లేచి పంచనామా కాపీ చూపించాడు. “మీ అన్నగారే చెప్పారు కదా, ఏ పనీ చేసేది కాదని?” మరిది తల వంచుకున్నాడు. బీడీ కార్డు చూపిద్దామంటే అత్తది. పాల పుస్తకం తనదే. చివరకు నెలకు 4,500గా తీసుకుని లెక్క కట్టారు. 8,50,500 వచ్చింది. తేడా 10,39,500. “ఇంట్లనే ఉంటుండె సార్” ఖరీదు అది. న్యాయమూర్తిని తప్పుపట్టలేను, మనమే రాయించి ఇచ్చిన కాగితం ఆయన ముందున్నది.

4,500 అంటే రోజుకు 150. ఆ ఏడాది, అంటే 2022–23లో, మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 257. గుంత తవ్వితే 257, ఇల్లు నడిపి, బర్రెలు కాసి, బీడీలు చుట్టి, ముసలాయనను ఎత్తి కూర్చోబెడితే 150.

గృహిణి విలువ కట్టడంలో మన చట్టాల చరిత్ర చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. మోటారు వాహనాల చట్టానికి 1994లో చేర్చిన పట్టికలో సంపాదన లేని భార్య ఆదాయం అంటే బతికున్న భర్త ఆదాయంలో మూడో వంతు అని రాశారు. అంటే అదే పని, అదే వంట, అదే చాకిరీ. మొగుడు ఇంజనీరైతే ఎక్కువ, మొగుడు తాగి పడుకునేవాడైతే సున్నాలో మూడో వంతు. తాగుబోతు మొగుణ్ణి పెట్టుకుని ఇల్లు లాక్కొచ్చిన ఆడదానికి రెండింతలు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు! 1989లో జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్ల వ్యవస్థాపక దినోత్సవంలో మంటలు లేచి ఎంతోమంది పోయారు, ఆడవాళ్లు, పిల్లలే ఎక్కువ. లతా వాధ్వా కేసుగా అది సుప్రీంకోర్టుకు వెళ్తే, 2001లో గృహిణి సేవలకు నెలకు 3,000 కట్టారు. అప్పటికి అది పెద్ద మాట. 1989 నాటి చావుకు 3,000 అన్నారు, ముప్పై మూడేళ్ల తర్వాతి చావుకు మా చెల్లెలికి 4,500.

2010లో అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసులో జస్టిస్ గంగూలీ ఒక విషయం ఎత్తిచూపారు. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే ఆడవాళ్లను పని చేయనివాళ్ల గుంపులో, భిక్షగాళ్లు, ఖైదీలతో కలిపి వేశారట. ఆయన దాన్ని గట్టిగా తప్పుపట్టారు. 2021 జనవరిలో కీర్తి కేసు వచ్చింది. ఢిల్లీలో బండి మీద వెళ్తున్న దంపతులు ఇద్దరూ పోయారు, చిన్న ఆడపిల్లలు మిగిలారు. హైకోర్టు 22 లక్షలకు తగ్గించిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 33.20 లక్షలకు పెంచింది. అందులో మన తెలుగాయన జస్టిస్ ఎన్.వి.రమణ విడిగా రాసిన తీర్పు మొత్తం గృహిణి శ్రమ గురించే. 2019 సర్వే ప్రకారం ఆడవాళ్లు జీతం లేని ఇంటిపనికి రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 97 పెడుతున్నారని అందులో ఉంది. 97 చదివి మా ఆయన ముఖం చూశాను, ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. కీర్తి తీర్పు వల్ల గృహిణి ఆదాయానికి కూడా ముందు ముందు పెరిగే వాటా కలపాలని తేలింది. 2024 ఫిబ్రవరిలో ఇంకో తీర్పులో, గృహిణి ఆదాయం రోజు కూలీ కంటే తక్కువ ఎట్లా కడతారని సుప్రీంకోర్టు మళ్లీ అడిగింది. పై కోర్టు ఇన్నిసార్లు చెబుతున్నా కింద మన పంచనామా కాగితం మీద మాత్రం ‘ఏం పని లేదు’ దగ్గరే ఆగి ఉంది.

ఇక ఎస్టేట్ అనే మాట. మా చెల్లెలి తీర్పు కాగితంలో ‘ఎస్టేట్ నష్టం’ అని ఒక వరుస ఉంది. ఎస్టేట్ అంటే నాకు తెలిసింది ఊటీ టీ తోటలే. మరిది నన్ను అడిగాడు, “అక్కా, దానికి గజం జాగ లేకపాయె, ఎస్టేట్ ఏంది?” వకీలు చెబితే తెలిసింది. మనిషి పోయేనాటికి ఆ మనిషికున్న ఆస్తి, రావాల్సిన బాకీలు, వేయగలిగిన దావాలు, అన్నీ కలిపి ఎస్టేట్. మనిషితోపాటే దావా చస్తుందని ఇంగ్లీషువాళ్ల పాత సూత్రం ఒకటి ఉండేదట. చంపినవాడికి గాయపరిచినవాడి కంటే తక్కువ ఖర్చు. 1855లో కంపెనీ పాలనలోనే ఇక్కడ ప్రాణాంతక ప్రమాదాల చట్టం తెచ్చి రెండు తలుపులు తెరిచారు. మనిషి పోవడం వల్ల ఇంటివాళ్లకు జరిగిన నష్టానికి ఒకటి, ఆ మనిషి ఎస్టేట్‌కు జరిగిన నష్టానికి ఇంకొకటి. తర్వాత 1925 వారసత్వ చట్టం కూడా పోయినవారి దావా హక్కులు చాలావరకు వారసుల చేతికి వస్తాయని చెప్పింది. పరువునష్టం లాంటి కొన్ని మాత్రమే మనిషితో పోతాయి.

అంటే చనిపోయిన మనిషి తరఫున ఆ మనిషి బాకీ వసూలు చేసే హక్కును నూటడెబ్బై ఏళ్ల కిందటి చట్టం కూడా గుర్తించింది. మనం గుర్తించం.

గాయపడి కేసు వేసిన మనిషి అది నడుస్తుండగా పోయినా అంతే. “ఆయనే లేడు, ఇంక కేసెందుకు” అని వదిలేసిన ఇళ్లు కామారెడ్డిలో నాకు తెలిసే రెండున్నాయి. 2021లో కహ్లాన్ కేసులో సుప్రీంకోర్టు, ఆ గాయాల నొప్పీ బాధా లాంటి సొంత పద్దులు మనిషితో పోయినా, ఎస్టేట్‌కు జరిగిన నష్టం వారసులు కొనసాగించవచ్చని చెప్పింది. మామూలు సివిల్ దావాల్లో కూడా వాది పోతే వారసులు 90 రోజుల్లో కోర్టుకు అర్జీ పెట్టుకుని ఆ స్థానంలోకి రావాలి. ఆ 90 రోజులూ ఏడుపుల్లోనే పోతాయని తెలిసే అవతలివాడు నోరు మూసుకుని కూర్చుంటాడు.

అంతా బాగుంది, మరి ఎస్టేట్ నష్టం కింద ఎంత ఇచ్చారు? 2017 తీర్పులో 15,000 అని ఖాయం చేసి, మూడేళ్లకోసారి పది శాతం పెంచమన్నారు. రెండు పెంపులు అయ్యాక 18,150. 20 ఏళ్ల కుర్రాడైనా 60 ఏళ్ల ముసలమ్మైనా, బ్యాంకు మేనేజరైనా బీడీలు చుట్టే మనిషైనా ఒకటే. ఒక మనిషి ఇంకో పాతికేళ్లు బతికి కూడబెట్టుకునేదంతా, పుస్తెలతాడు దగ్గర్నుంచి కూతురి పెళ్లికి దాచే చీటీ దాకా, 18,150. మా వైపు పెద్దకర్మకు పెట్టే భోజనాల ఖర్చులో అది సగం కూడా కాదు. ఒకే అంకె ఉంటే గందరగోళం ఉండదని సమర్థించేవాళ్లున్నారు. కోర్టుకు గందరగోళం ఉండదేమో. తీర్పు కాగితం పట్టుకుని నిలబడ్డ పదిహేనేళ్ల పిల్లకు మాత్రం ఆ వరుస చదివితే వాళ్లమ్మను చిల్లరగా కొలిచినట్టే ఉంటుంది.

ఇంత చెప్పాక మా వదిన అనే మాట కూడా చెప్పాలి, ఆమె మాటలో నిజం ఉంది కాబట్టి. “కేసు గెలిస్తే ఏమైతది? మొగుడు ఆ పైసలతోని ఇంకో పెళ్లి చేసుకుంటడు, పిల్లలు నెత్తినోరు కొట్టుకుంటరు.” జరిగింది, చూశాను. కానీ డబ్బంతా మొగుడి చేతికి పోవాలని ఎక్కడా లేదు. ఎవరి వాటా ఎంతో తీర్పులోనే విడదీస్తారు. మైనర్ల వాటాను మేజర్లయ్యే దాకా బ్యాంకులో డిపాజిట్ చేయాలని 1993లో సూసమ్మ థామస్ కేసులోనే చెప్పారు. మా చెల్లెలి పిల్లల వాటా అట్లాగే ఉంది, మరిది వేలు పెట్టడానికి లేదు. అతను పెట్టేవాడని కాదు, పెట్టడానికి లేకపోవడం అతనికీ మంచిదే. తీర్పులో వాటాలు విడదీయమని అడగకుండా, సంతకాలు పెట్టి వచ్చేసి, తర్వాత మగవాళ్లను తిడితే లాభం లేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. “పెళ్లయిపోయింది, ఆమెకేం సంబంధం” అని దరఖాస్తులో పేరే రాయరు. పెళ్లయిన కూతురు తండ్రి మీద ఆధారపడకపోయినా చట్టప్రకారం వారసురాలే, దరఖాస్తు వేయవచ్చని 2007లో మంజురీ బేరా కేసులో తేలింది. ఆమె వాటా తగ్గవచ్చు, హక్కు మాత్రం ఉంది. కూతురితో ఉంటున్న అత్తగారు కూడా అల్లుడి చావుకు పరిహారం అడగవచ్చని 2021లో ఇంకో తీర్పు. కోర్టులు అత్తగారిని కూడా ఇంటిమనిషిగా లెక్కేస్తున్నాయి. మనమే పెళ్లయిన కూతుర్ని బయటి మనిషిని చేస్తున్నాం.

ఆస్పత్రి గేటు దగ్గరే కాగితాలు పట్టుకుని తిరిగే మధ్యవర్తుల మాట రాయకపోతే నాకు నిద్ర పట్టదు. “మీకు పైసా ఖర్చు లేదమ్మా, వచ్చినదాంట్లో ముప్పై శాతం” అంటారు. గెలిచిన డబ్బులో వాటా అని ఫీజు మాట్లాడుకోవడం వకీళ్ల నియమాలకే విరుద్ధం. అసలు 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా వకీలును ఇవ్వాలి. మా దరఖాస్తులో మొదటి పేరు కూతురిది పెట్టించాను, అందుకే. పోలీసులు కూడా ప్రమాదం మీద మూడు నెలల్లో ట్రిబ్యునల్‌కు రిపోర్టు పంపాలి, దాన్నే దరఖాస్తుగా తీసుకునే వీలుంది. ఆ రిపోర్టులో ఏం రాశారో వెళ్లి అడగండి. సిగ్గుపడకండి. అందులోనూ ‘ఏం పని లేదు’ అనే ఉంటుంది, చూసుకోండి.

మేం హైకోర్టుకు అప్పీలు వేశాం. 90 రోజుల గడువు ఉంటే ఈసారి ఇరవయ్యో రోజే వేశాం. కొత్తగా ఏం సాక్ష్యం దొరుకుతుందా అని ఆమె పెట్టె తీస్తే చీరల కింద మహిళా సంఘం పొదుపు పుస్తకం దొరికింది. ఇది ఆమె పేరు మీదే ఉంది! లక్ష అప్పు తీసుకుని నెల నెలా కిస్తీ కట్టింది, ఒక్క నెల తప్పలేదు. ఏ పనీ లేని మనిషి నెల నెలా కిస్తీ ఎక్కడి నుంచి కట్టింది? ఉపాధి హామీ జాబ్ కార్డులోనూ ఆమె పేరుంది, కూలి పడ్డ బ్యాంకు ఖాతా ఉంది. మొదటి రోజే ఈ రెండూ వకీలు చేతిలో పెట్టి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. ఇది చదువుతున్నవాళ్లలో సంఘంలో ఉన్నవాళ్లు ఎంతమంది? ఆ పుస్తకం ఎక్కడుందో మీ పిల్లలకు తెలుసా? మీ కార్డు మీ పేరు మీదే ఉందా, అత్తగారి పేరు మీదా?

పోయిన నెల మా వీధి చివర ఇంట్లో కోడలు పోయింది. కూరగాయలకని పొద్దున్నే వెళ్తే వెనక నుంచి కారు గుద్దింది. నేను వెళ్లేసరికి మార్చురీ బయట కానిస్టేబుల్ రాసుకుంటున్నాడు. ఏం పని చేస్తుండె అని అడిగాడు. మామగారు “ఏం లేదు సార్, ఇంట్లనే…” అని మొదలుపెట్టారు. నేను నోరు తెరిచేలోపు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె చెల్లెలు కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. “అట్ల రాయకుండ్రి సార్. మా అక్క మిషన్ కుడుతది, నెలకు ఇరవై ముప్పై జాకెట్లు. బీడీలు చేస్తది. ముగ్గురు పిల్లలు, అత్తకు షుగరు, ఇంజక్షన్లు తానే ఇస్తది. సంఘంల లీడరు…” ఆమె చెబుతూనే ఉంది. కానిస్టేబుల్ పెన్ను ఆపి “ఇంత రాయనీకి ఇండ్ల జాగ లేదమ్మా” అన్నాడు.

“కాయిదం తిప్పి వెనక రాయుండ్రి సార్” అంది.

అతను తిప్పాడు.